గంట ఎక్కువ, జానెడు తక్కువ

మా డిపో గేటు దగ్గర అగ్గిపెట్టె లాక్కుంటారు. లైటరు లాక్కుంటారు. జన్మలో సిగరెట్టు ముట్టనివాడి జేబు కూడా తడిమి చూస్తారు. డీజిలు డిపో కదా, నిప్పంటే భయం. ఆ వేసవంతా నేను రోజూ ఇంత కడుపుమంటతో ఆ గేటు దాటాను. ఒక్క కాపలావాడు ఆపలేదు. పైగా సెల్యూట్ కొట్టి లోపలికి పంపించారు.

ఆ మంట పేరు నా తోడల్లుడు.

మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నవాడు. ముందు ‘తోడు’ అని తగిలించి పెద్దవాళ్ళు మనల్ని నమ్మించారు గాని, గబగబా పలికి చూడండి, తోడల్లుడికీ తోడేలుకీ మధ్య దూరం నాలుక మడత పడినంత. ఇంట్లో అతనిది పైవాటా, మాది కిందివాటా. డిపోలో అతనిది బార్జి, నాది రైలు. చమురు కర్మాగారం నుంచి డీజిలు ట్యాంకు వ్యాగన్లలో మాకు వస్తుంది. డిపో వెనకాలే నది. అక్కడ రేవులో దాన్ని బార్జిలోకి ఎక్కించి దిగువ ఊరికి పంపుతాం. బార్జి అంటే పడవల్లో పళ్ళెం లాంటిది. అడుగు బల్లపరుపు, ఒళ్ళు విశాలం, నడక నిదానం. మా ట్యాంకులు చిన్నవి కాబట్టి రైలు వచ్చేసరికి బార్జి ఉండాలి, బార్జి వచ్చేసరికి రైలుండాలి. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న సామెతను మేమిద్దరం రోజూ పొద్దున్నే పైపులు తగిలించి నిజం చేసేవాళ్ళం.

డిపోలో నన్ను పొగబండి అంటారు, ఊరికే పొగలు కక్కుతానని. అతన్ని నీటికోడి అంటారు. ఎక్కడ ముంచినా పైకి తేలి, ఒళ్ళు దులుపుకుని, ఈల వేసుకుంటూ పోతాడని.

ఏళ్ళ తరబడి మా పని ఫోను మీద నడిచింది. అందులో ఒక పద్ధతి ఉంది. రైలు ఏడింటికొస్తుందని రైల్వే కంట్రోలువాళ్ళు నాకు చెబితే, నేనతనికి ఎనిమిదని చెప్పేవాణ్ణి. రైలు నమ్మరాని ప్రాణి. ఒక గంట మన దగ్గర దాచుకుంటే పరువు దక్కుతుంది. రేవులో నీళ్ళెంతున్నాయని నేనడిగితే, అతను గడకర్రతో కొలిచి, అందులో జానెడు కోసేసి చెప్పేవాడు. నమ్మరానితనంలో నది రైలుకి పెద్దక్క. అయితే నేను ఎనిమిదంటే అతను ఏడింటికే బార్జి తెచ్చి నిలబెట్టేవాడు. అతను చెప్పిన లోతుకి నేను జానెడు కలుపుకుని, రెండు వ్యాగన్లు ఎక్కువ తెప్పించేవాణ్ణి. అబద్ధానికి అబద్ధం చెల్లు. దీని గురించి మేమెప్పుడూ ఒక్క మాట అనుకోలేదు. మొగుడూ పెళ్ళాల గురకలాగా ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ఆ వేసవిలో నది బాగా చిక్కిపోయింది. సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు మా మీదికి ప్లానింగ్ సాఫ్ట్‌వేరును పంపింది, దాంతోపాటు నేర్పడానికి ఒక అమ్మాయిని.

“ఇక ఫోన్లు అక్కర్లేదండీ,” అంది ఆ అమ్మాయి, ఇద్దరి బల్లల మధ్యా పెద్ద తెర పెట్టించి. “మీరు రైలు టైము కొట్టండి, ఆయన లోతు కొడతారు. ఎన్ని వ్యాగన్లు రావాలో, బార్జి ఎప్పుడు రేవుకి రావాలో అదే లెక్కేసి చెప్పేస్తుంది. ఆలస్యం కాకపోతే గడి పచ్చగా ఉంటుంది. మీ బండి ఊరికే నిలబడిందనుకోండి, మీ గడి ఎర్రగా అవుతుంది.”

“సాఫ్ట్‌వేరు అంటే మెత్తనిదనేగా అమ్మా?” అన్నాను నేను. “మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి అన్నారు మా పెద్దలు. కాస్త జాగ్రత్తగా దాచుకోండి.”

నా వంక చూసి, “దీనికి పాస్‌వర్డ్ ఉంటుందండీ,” అంది.

అప్పుడు నా తోడల్లుడు తెర మీదికి వంగి, “దీనికి ఆకలేస్తే ఏం పెట్టాలమ్మాయ్?” అన్నాడు.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఇదిగో, నా మంటకి మొదటి పుల్ల అక్కడ పడింది. శ్లేష వేసినవాణ్ణి నేను, సామెత తెచ్చినవాణ్ణి నేను. దీపం నాది, వెలుతురు వాడిదీనా?

తర్వాత వారం నుంచి తెర మీద నా గడుల వరస ఎర్రబడటం మొదలుపెట్టింది. ఎందుకో నాకు తెలుసు, అతనికీ తెలుసు, తెరకి మాత్రం తెలియదు. నేను అలవాటుగా ఎనిమిదని కొడితే, తెర ఆ మాట నమ్మి బార్జిని ఎనిమిదింటికే రమ్మంది. అతను ఫోను మానేసి, తెర చెప్పినట్టే తెచ్చాడు. నా రైలేమో ఏడింటికే వచ్చి, పైపులు తగిలించే దిక్కులేక గంటసేపు ఆవలిస్తూ నిలబడింది. నా గడి ఎరుపు. అతని లోతు జానెడు తక్కువే కదా, దాన్నీ తెర నమ్మింది. వ్యాగన్లు తక్కువొచ్చాయి, బార్జి తేలిగ్గా నింపుకుని వేళకి బయలుదేరింది. అతని గడి పచ్చ. ఎదుటివాడు పచ్చగా ఉంటే ఓర్వలేరు అంటారే, నాకది మాటవరసకి కాదు. కళ్ళెదుట, కరెంటు తెర మీద, గడి తర్వాత గడి!

కావాలంటే కర్మాగారంలో వ్యాగన్లవాళ్ళకి ఫోను చేసి పాత పద్ధతిలో రెండు కలిపించొచ్చు. చెయ్యలేదు. ‘వాడు గంట ముందు రానప్పుడు నేనెందుకు జానెడు కలపాలి?’ అనుకున్నాను. దిగువ ఊళ్ళో బంకుల ముందు బళ్ళు బారులు తీరుతున్నాయని కబురొచ్చింది.

ఒకరోజు మేనేజరు మా ఇద్దర్నీ నిలబెట్టి చెప్పాడు. “లెక్కలన్నీ ఇదే చేస్తుంటే రెండు కుర్చీలెందుకంటున్నారు పైవాళ్ళు. రైలూ బార్జీ రెండూ చూసుకుంటూ ఒకరిక్కడ ఉంటారు. ఇంకొకరు దిగువ డిపోకి వెళ్ళాలి.”

“ఎవరు సార్?” అన్నాం ఒకే గొంతుతో.

“వచ్చే సోమవారం హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వస్తున్నారు. ఆ రోజు ఎవరి పని బాగుంటే వాళ్ళే ఉంటారు.”

దిగువ డిపో అంటే పగలంతా ప్రయాణం. చదువుకి పట్టా లేకపోయినా కాళ్ళ కింద పట్టాలున్నాయన్న ధైర్యంతో బతికినవాణ్ణి నేను. అక్కడ పట్టాలే లేవు, నీళ్ళూ దోమలూ తప్ప.

ఆ సాయంత్రం మెట్ల మీద మా ఆవిడా మరదలూ కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. కింద మెట్టు మాది, పై మెట్టు వాళ్ళది. మధ్య మెట్టు మీద ఇద్దరి బట్టలూ కలిసిపోయి ఉన్నాయి. పైనుంచి ఈల వినపడుతోంది.

“మరిదిగారి వరసంతా పచ్చగా ఉందటగా?” అంది మా ఆవిడ.

“పచ్చకామెర్లేమో, ఓసారి చూపించుకోమను.”

“కామెర్లు ఎవరికో నాకు కనపడుతూనే ఉందిలెండి.”

మరదలు నవ్వాపుకుంటూ, “బావగారూ, కాఫీ కలపనా?” అంది.

“వద్దమ్మా. ఇప్పటికే లోపల మరుగుతోంది.”

“చూశావా అక్కా! మా ఆయనా ఇంతే. ఈల వేస్తున్నాడంటే నిశ్చింత అనుకోకు. నిన్న అన్నం ముందు కూర్చుని, ‘ఆ అమ్మాయి అన్నయ్యని సార్ అంటుంది, నన్ను అంకుల్ అంటుంది’ అని ఒకటే గొణుగుడు.”

ఆ మాట నా చెవిలో తేనె పోసింది. అంటే వాడికీ కాలుతోందన్నమాట! అయినా అంకుల్ అంటే దగ్గరితనం కదా, సార్ అంటే దూరం పెట్టడం కదా అని మరుక్షణమే తట్టింది. తేనె పుల్లబడింది.

మా ఆవిడ మడత పెడుతున్న చొక్కాని ఒళ్ళో వదిలేసింది. అది మాదో వాళ్ళదో చూసుకోలేదు. “కుర్చీ మీకొస్తే నా చెల్లెలు పోతుంది. ఆయనకొస్తే నేను పోతాను. మీలో ఎవరో ఒకరు గెలుస్తారు. మా ఇద్దరికీ ఏముంది అందులో?”

మరదలు లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది. బట్టలు అక్కడే వదిలేసింది. పైన ఈల ఆగింది.

మనిషి అక్కడ ఆగాలి. నేను ఆగే బండిని కాదు.

ఆదివారం కూడా డిపోకి వెళ్ళాను. అతనూ వచ్చాడు. పక్కపక్క బల్లలు. ఇద్దరం పరీక్షలో కాపీ భయం ఉన్న పిల్లల్లా మోచెయ్యి అడ్డం పెట్టుకుని కొడుతున్నాం. ఆ రోజు నేను జీవితంలో మొదటిసారి రైలు నిజంగా ఎప్పుడొస్తుందో ఆ టైమే కొట్టాను. ఏడంటే ఏడు. నా ఎత్తు ఇదీ: తెర బార్జిని ఏడింటికే రమ్మంటుంది, నా రైలు నిలబడదు, పెద్దసారు కళ్ళముందు నా గడి పచ్చగా మెరుస్తుంది.

తర్వాత తెర మీద అతని లోతు చూశాను. పోయిన వారం కంటే ఎక్కువుంది. ‘ఎక్కడో ఎగువన నీళ్ళు వదిలుంటారు’ అనుకున్నాను. ‘వీడు ఇంత రాశాడంటే, జానెడు కోసుకున్నాకే ఇంతుందంటే, అసలెంతుందో!’ బయటికెళ్ళి, గోడవార నిలబడి, వ్యాగన్లవాళ్ళకి ఫోను చేశాను.

“ఏంటి పొగబండిగారూ, చాలారోజులకి!” అన్నాడు అవతలివాడు. “మామూలేనా?”

“మామూలే. రెండు ఎక్కువ తగిలించు.”

ఎంత ఎక్కువ దింపితే నాకంత పేరు. ఫోను జేబులో పెట్టుకుని తిరిగితే, గోడకి ఆ చివర అతను. బార్జి నడిపే సరంగుతో ఏదో గుసగుసలాడుతున్నాడు. నన్ను చూసి ఈల అందుకున్నాడు.

సోమవారం పొద్దున్నే పెద్దసారు వచ్చాడు. కుర్చీలో కూర్చున్నా ఇస్త్రీ మడత నలగని మనిషి. మేనేజరు, నేర్పే అమ్మాయి, మేమిద్దరం తెర ముందు నిలబడ్డాం. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది.

ఇంకా ఆరు గంటలే. అప్పుడే బార్జి రేవులో ఉంది.

తెర మీద అతని గడి ఎర్రబడింది. వేసవంతా పచ్చగా కూర్చున్న గడి!

“బార్జి గంట ముందే వచ్చి ఊరికే నిలబడిందేమిటి?” అన్నాడు పెద్దసారు.

నా తోడల్లుడు నీళ్ళు నమిలాడు. నదిలో లేని నీళ్ళన్నీ ఆ క్షణం అతని నోట్లోనే ఉన్నాయి. నా కడుపులో మంట చల్లారి, మల్లెల వాసన లాంటిదేదో వచ్చింది. సరిగ్గా ఏడింటికి రైలు కూత వేసింది. నా గడి పచ్చ. ‘వీడు నేను గంట ఎక్కువ రాశాననుకుని, అందులోంచి గంట కోసి, ఆరింటికే తెచ్చిపెట్టాడ్రా!’ అని లోపల గంతులు వేశాను. పచ్చటి గడి వంక చూస్తూ, దిష్టి తగులుతుందేమో అని కూడా అనుకున్నాను.

పైపులు తగిలించారు. డీజిలు బార్జిలోకి దిగుతోంది. అమ్మాయి వివరిస్తోంది, పెద్దసారు తలూపుతున్నాడు. కొంతసేపటికి బల్ల మీద ఫోను మోగింది. సరంగు. గొంతు గదంతా వినపడింది.

“నీటికోడిగారూ! బార్జి కూర్చుందండీ.”

“ఎక్కడ?”

“ఉన్నచోటే అండి. రేవులోనే. అడుగు బురదకి ఆనింది. నెడితే కదల్లేదు, లాగితే కదల్లేదు. వ్యాగన్లు రెండెక్కువ వచ్చాయి కదా, ఎప్పట్లాగే సర్దుకుందామని మొత్తం ఎక్కించేశాం.”

అందరం కిటికీ దగ్గరికి పరిగెత్తాం. చుక్క కారలేదు, గీత పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. పుట్టి మునగలేదు గాని, కడుపునిండా తిన్న గేదెలా బార్జి బురదలో చతికిలబడింది. దాని వెనక రెండో బార్జి రేవు ఖాళీ కోసం ఎదురుచూస్తోంది. తెర మీద అతని వరస ఎర్రబడింది, తర్వాతి రైలుకి రేవు ఖాళీ లేదని నా వరసా ఎర్రబడింది. మా ఇద్దరి గడులూ ఒకే రంగులో ఉండటం ఆ వేసవిలో అదే మొదటిసారి.

పెద్దసారు అమ్మాయి వంక తిరిగాడు. “ఇదేనా మీ సాఫ్ట్‌వేరు?”

ఆ పిల్ల మొహం వాడిపోయింది. అయినా బెదరలేదు. రాత్రి వచ్చిన కంట్రోలు కబురు తీసి చూసింది, సరంగుని మళ్ళీ గడకర్ర వేయమంది. “సార్, రైలు టైము కరెక్టే. లోతూ కరెక్టే, జానెడు కాదు కదా వేలెడు తేడా కూడా లేదు. రెండూ నిజమే. మరి ఆ రెండు వ్యాగన్లు ఎందుకొచ్చాయో, బార్జి గంట ముందెందుకొచ్చిందో నాకు అర్థం కావట్లేదు.”

లోతు కరెక్టా?

నేను మెల్లగా తల తిప్పి నా తోడల్లుడి వంక చూశాను. అతను అప్పటికే నా వంక చూస్తున్నాడు.

“ఏడన్నది నిజంగా ఏడేనా?” అన్నాడు, నాకు మాత్రమే వినపడేంత చిన్నగా.

“నువ్వు రాసింది నిజం లోతా?”

“ఎక్కువ మోసి చూపిద్దామని… నువ్వు నిజం రాస్తావని నేను కల్లో కూడా అనుకోలేదన్నయ్యా.”

“నువ్వు మాత్రం? ఇన్నేళ్ళూ రాయనివాడివి, ఇవాళే దొరికిందా నీకు?”

“నీకూ ఇవాళేగా దొరికింది!”

ఇన్నేళ్ళ అబద్ధాల్లో ఒక్క బార్జి కూడా బురదకి ఆనలేదు. ఇద్దరం కలిసి ఒక్క పూట నిజం చెప్పేసరికి ఊరి డీజిలంతా బురదలో కూర్చుంది. ఇది ఎవరికని చెప్పుకుంటాం? చెప్పాలంటే పాతదంతా తవ్వాలి. అతను పెదవి కొరుక్కున్నాడు. నేను దగ్గాను. ఆ దగ్గులోంచి నవ్వు తప్పించుకుంది. నాది చూసి అతనిదీ తెగింది. పెద్దసారు ముందు, బురదలో బార్జి ముందు, ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం.

“ఏమిటిది?” అన్నాడు పెద్దసారు.

“అలవాటు సార్,” అన్నాను కళ్ళు తుడుచుకుని.

“ఏం అలవాటు?”

“ఈయనంటే నాకు అలవాటు సార్,” అన్నాడు నా తోడల్లుడు.

బార్జి తేలాలంటే ఎక్కించినదాన్ని కొంత వెనక్కి, ఖాళీ వ్యాగన్లలోకి తోడాలి. ఎండ నడినెత్తికెక్కేదాకా ఇద్దరం పైపుల దగ్గరే ఉన్నాం. తోడల్లుడు అన్న మాటకి అర్థం నాకారోజు తెలిసింది: అతను బార్జి వైపు నిలబడి తోడాడు, నేను వ్యాగన్ల వైపు నిలబడి అల్లాడాను. జానెడు పొట్ట కోసం ఎన్ని జానలో! చివరికి బార్జి ఒళ్ళు విరుచుకుని, బురద వదిలి, మెల్లగా కదిలింది. సరంగు చెయ్యి ఊపాడు. ఇద్దరం ఊపాం.

మేనేజరు గదిలోకి పిలిచారు. పెద్దసారు నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు.

“సార్, కుర్చీ అన్నయ్యకివ్వండి. రైలు పొగబండిగారి మాట తప్ప ఇంకొకరి మాట వినదు. నేను నీళ్ళవాణ్ణి, దిగువకే పోతాను. నీళ్ళు ఎటు పోతే కోడి అటే కదా.”

పెద్దసారు తలూపాడు. అయిపోయింది. అంతే. ఆ మాట నేననాలని పైపుల దగ్గర నుంచి మనసులో కూడబలుక్కుంటూ వచ్చాను. ‘తమ్ముడు ఇక్కడ ఉండనివ్వండి’ అని నా దగ్గర వాక్యం కూడా తయారుగా ఉంది, అందులో ఓ చిన్న శ్లేష కూడా ఉంది. త్యాగం చేసే అవకాశం కూడా వాడే కొట్టేశాడు! కుర్చీ నాకొచ్చింది, పేరు వాడికొచ్చింది. ఆ రోజు గేటు దాటి బయటికొస్తుంటే కాపలావాడు నా మొహం చూసి, “ఏమండీ, వంట్లో వేడిగా ఉందా?” అన్నాడు. ఆ సీజన్‌లో అదొక్కటే సరైన తనిఖీ.

నది నిండే ముందే వాళ్ళు వెళ్ళిపోయారు. లారీలో సామానెక్కిస్తుంటే అక్కాచెల్లెళ్ళు మధ్య మెట్టు మీద కూర్చుని, కలిసిపోయిన బట్టలు విడదీశారు. ఎక్కువసేపే పట్టింది. ఒక చొక్కా దగ్గర ఆగారు.

“ఇది మీదేమో అక్కా.”

“ఉంచుకో. మీ బావగారికి అది బిగుతు.”

నాకు అది బిగుతు కాదు.

ఇప్పుడు రెండు వరసలూ నావే. రెండూ పచ్చగా ఉంటాయి. నా వరస పచ్చగా ఉందని ఏడ్చేవాడు లేడు, పక్క వరస పచ్చగా ఉందని నేను ఏడవడానికీ లేదు, అదీ నాదే. పై వాటా ఖాళీ. సాయంత్రం మా ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఒక్కళ్ళ బట్టలు మడతపెడుతుంది. త్వరగా అయిపోతాయి.

మొదటి వానలు పడ్డ రోజున దిగువ రేవు లోతు తెర మీదికి వచ్చింది. అక్కడ కొట్టేది అతనే. ఇక్కడ ఎంత ఎక్కిస్తే బార్జి అక్కడ ఆనకుండా దిగుతుందో దాన్ని బట్టి నేను చూసుకోవాలి. చెయ్యి అలవాటుగా జానెడు కలపబోయింది. ఆగింది. బురదలో చతికిలబడ్డ బార్జి కళ్ళముందు మెదిలింది. ఫోను తీశాను.

“తమ్ముడూ, లోతు చూశాను. అది నిజం లోతా, మన లోతా?”

అవతల నీళ్ళ చప్పుడు, ఎవరో నవ్వడం, కాస్త గాలి.

“మన లోతే అన్నయ్యా,” అన్నాడు. “మరి రైలెప్పుడు? తెర మీది ఎనిమిది నిజం ఎనిమిదా, మన ఎనిమిదా?”

“మన ఎనిమిదే.”

“సరే. ఏడింటికి ఇక్కణ్ణుంచి ఖాళీ బార్జి నీ రేవులో ఉంటుంది. మీ మరదలు అడుగుతోంది, వాళ్ళక్క ఎలా ఉందని. ఇక్కడ గాలి భలేగా వస్తోందన్నయ్యా, కిటికీ తీస్తే చాలు. ఫ్యానే అక్కర్లేదు.”

ఫోను పెట్టేసి నా గదిలో ఫ్యాను వంక చూశాను. కటకటమంటూ తిరుగుతోంది. కడుపులో సన్నగా, పాత చోటే, ఏదో రాజుకుంది. హమ్మయ్య అనిపించింది.

లోతుకి జానెడు కలిపి, రెండు వ్యాగన్లు ఎక్కువ చెప్పాను.